చేతుల లెక్క

రేవుపాలెం నిరీక్షణ మందిరంలో ఆ పాటను మొదటిసారి పాడిన ఆదివారం నతానియేలు కూడా చెయ్యి ఎత్తారు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. తరవాత జరిగినవన్నీ చూశాక చెప్పుకునే ధైర్యం అసలే లేకపోయింది. కాని మనిషి మనసుకు అబద్ధం చెప్పగలడు గాని భుజానికి చెప్పలేడు. డెబ్బై ఏళ్ళ భుజం అది. మూడు రోజుల పాటు నొప్పి పుట్టి సాక్ష్యం చెప్పింది.

పాట పేరు ‘నా తీరపు దీపమా’. రెండు చరణాలు, మధ్యలో పదకొండు ‘ఓ’లు, చివర ‘ఎగసెదను, అలనై ఎగసెదను’ అన్నచోట అందరూ గెంతాలి. కాగితం మీద చూస్తే నాలుగు నిమిషాల పాట. ఆ రోజు పంతొమ్మిది నిమిషాలు పాడారు. బెంగళూరులో ఆరాధన శిక్షణ పొంది వచ్చిన బ్రదర్ రూబేను కీబోర్డు మీద ఒక్క స్వరం నొక్కి పట్టి, కళ్ళు మూసుకుని, "ఇంకొక్కసారి... ఇంకొక్కసారి..." అంటూ ఉంటే రెండు వందల మంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. రేవు ఊరు. సముద్రం మీదికి వెళ్ళి తిరిగిరానివాళ్ళు ప్రతి ఇంటికీ ఒకరిద్దరు ఉన్నారు. తీరమూ దీపమూ అంటే ఏడవడానికి అక్కడ ఎవరికీ శిక్షణ అక్కర్లేదు.

నతానియేలు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. మందిరంలో నలభై ఏళ్ళు హార్మోనియం వాయించారు. ఆ రెండు పనులూ కలిసి ఆయనకు ఒక వింత చెవిని మిగిల్చాయి. రూబేను నొక్కి పట్టిన ఆ ఒక్క స్వరం వినగానే ఆయనకు రిసీవరు ఎత్తితే వచ్చే డయల్ టోన్ గుర్తొచ్చింది. ఇక నంబరు కొట్టవచ్చు అని చెప్పే శబ్దం అది. ఈ అబ్బాయి రిసీవరు పట్టుకునే ఉన్నాడు, నంబరు ఎప్పుడు కొడతాడో అనుకున్నారు. అనుకుంటూనే చెయ్యి ఎత్తారు. ఆ రోజుకు ఆయన భార్య కరుణమ్మ పోయి మూడు నెలలు.

అంతవరకే అయితే ఇందులో కథ లేదు. కాని ఆ రోజు మందిరంలో ఏడవని మనిషి ఒకరున్నారు. సంఘ కార్యదర్శి ఆశీర్వాదం గారు. తహసీల్దారు కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారని ఊరంతా అంటారు గాని, నిజానికి ఆయన రిటైరవలేదు, కార్యాలయం మార్చుకున్నారు. అందరూ ఏడుస్తుంటే ఆయన స్తంభం పక్కన నిలబడి అలవాటు కొద్దీ లేచిన చేతులు లెక్కపెట్టారు. రెండు వందల పన్నెండు. ఎందుకైనా మంచిదని మరుసటి ఆదివారం పాత కీర్తన పాడుతున్నప్పుడూ లెక్కపెట్టారు. తొమ్మిది. అందులో రెండు ఫ్యాను వేగం పెంచమని ఎత్తినవి.

ఈ రెండు అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి పెద్దల కూటంలో పెట్టారు. పాస్టరు జెఫన్యా గారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ముప్పై రెండేళ్ళ మనిషి. పాత పాస్టరు గారి కొడుకు. చిన్నప్పుడు హార్మోనియం తిత్తులకు చిల్లు పొడిచినందుకు నతానియేలు చేతిలో చెవి మెలిక తిన్నాడు.

"ప్రభువు నా హృదయంలో ఒక భారం ఉంచాడు," అన్నారు పాస్టరు గారు. "ఫలించే కొమ్మ కళ్ళ ముందు ఉండగా ఫలించని కొమ్మలకు మనం ఎందుకు నీళ్ళు పోస్తున్నాం?"

పెద్దల్లో నతానియేలు కూడా ఒకరు. "అయ్యగారూ, పాటల్ని చేతులతో కొలిస్తే ఎట్లాగండీ? కొందరు కళ్ళతో పాడతారు," అన్నారు.

"కళ్ళు లెక్కకు రావండీ. మూసుకుని ఉంటాయి," అన్నారు ఆశీర్వాదం గారు, తల ఎత్తకుండానే రాసుకుంటూ.

తీర్మానం ఇలా వచ్చింది: ‘అత్యంత ఫలభరితమైన పాట ఒకటి లభ్యమై ఉన్నందున, తక్కిన పాటలన్నిటినీ తదుపరి ఉత్తర్వుల వరకు పెండింగులో ఉంచడమైనది.’

ఆ విధంగా నూటఇరవై ఏళ్ళ కీర్తనలు ఒక మంగళవారం సాయంత్రం, టీ చల్లారే లోపల, పెండింగులోకి వెళ్ళాయి.

పని చురుగ్గా సాగింది. ఆదివారం ఆరాధనలో ఆ పాట మొదట నాలుగుసార్లు, తరవాత ఏడుసార్లు పాడారు. ఫ్యాన్సీ షాపులో జపాలు చేసుకునేవాళ్ళకు అమ్మే, నొక్కితే అంకె పెరిగే చిన్న యంత్రాలు అరడజను తెప్పించి వాలంటీర్లకు పంచారు. గోడకు ఒక చెక్క పలక ఉండేది. ఆ పూట పాడబోయే కీర్తనల సంఖ్యలను దానికి తగిలించేవాళ్ళు. ఇప్పుడు అదే పలక మీద అవే చెక్క అంకెలతో చేతుల లెక్క పెట్టారు. గత వారం 212, ఈ వారం 219. నతానియేలు మొదటి రెండు వారాలు మందిరంలోకి రాగానే చూపు పలక మీద పడి, 219వ కీర్తన ఏదబ్బా అని ఆలోచించారు. ఆయన హార్మోనియం మీద రూబేను సౌండ్ మిక్సరు పెట్టుకున్నాడు. సరిగ్గా అదే ఎత్తు కావలసివచ్చిందట.

ప్రసంగాలు కూడా పాట వెంటే నడిచాయి. పాస్టరు గారు పాటలోని ఒక్కొక్క మాట తీసుకుని వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. మొదటి మూడు ఆదివారాలూ ‘నా’ అన్న మాట మీదే గడిచాయి. ‘తీరపు’ దగ్గరకు వచ్చేసరికి ఆగస్టు వచ్చింది. పదకొండు ‘ఓ’లకు పదకొండు ప్రసంగాలు ఉంటాయని ప్రకటించినప్పుడు వెనక బెంచీల్లో ఎవరో నిట్టూర్చారు. దాన్ని కూడా ఒక ‘ఓ’ అనుకుని పాస్టరు గారు సంతోషించారు.

పెళ్ళిళ్ళలో అదే పాట. ఉయ్యాల పండుగల్లో అదే పాట. పడవల మేస్త్రీ అబ్రాహాము గారి భూస్థాపనలో చిన్న ఇబ్బంది వచ్చింది. పెట్టె మోస్తున్న నలుగురూ వాడుకగా ‘ఎగసెదను’ దగ్గర గెంతారు. లోపలున్న మేస్త్రీ కూడా గెంతాడు. ఆయన కొడుకులు వచ్చి గోల చేస్తే ఆశీర్వాదం గారు ఆలోచించి వివరణ పత్రం జారీ చేశారు: ‘మరణ సందర్భములలో గెంతు యథాతథముగా ఉండును. అయితే మడమలు నేలను విడువరాదు.’

"నేను పోయినప్పుడు ఈ పాట ఎత్తారంటే పెట్టెలోంచి లేచి కూర్చుంటా బావా," అంది లేయమ్మ. కరుణమ్మ చిన్నాన్న కూతురు. వెనక వీధిలోనే ఉంటుంది. రెండు పూటలా ఏదో ఒక ఆకుకూర పట్టుకొచ్చి నతానియేలు వంటింట్లో తప్పులు పట్టి పోతుంది. "పునరుత్థానం అనుకుని చేతులు ఇంకో వంద లేపుతారు. ఆశీర్వాదానికి పండగే."

నతానియేలు నవ్వారు గాని ఆయన అసలు బాధ వేరు. ఆ పాట ఆయన లోపలికి వచ్చేసింది. పళ్ళు తోముకుంటుంటే వచ్చేది. కుళాయి కారుతుంటే ఆ చుక్కల లయలో వచ్చేది. పొద్దున కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన కూర్చున్నట్టు ఉండేది. దాన్ని వెళ్ళగొట్టడానికి ఆయన ఎంత శ్రద్ధ పెట్టారంటే, ఆ శ్రద్ధ కంటే మంచి ఆతిథ్యం ఏ పాటకూ దొరకదు. ఒక ఆదివారం మందిరంలో తెర మీద అక్షరాలు ‘ఓ’ దగ్గర ఆగిపోయాయి. యంత్రం మొరాయించింది. తెర ఆగినచోట సంఘమూ ఆగింది. ఏడు నిమిషాల పాటు రెండు వందల మంది ‘ఓ’ అంటూనే ఉన్నారు. నెలల తరబడి వారానికి ఏడుసార్లు పాడుతున్న పాటలో తరవాతి పాదం ఏమిటో ఎవరికీ రాదు. ఆ మందిరంలో అది ఒక్క నోటికే వచ్చు. పాటను ద్వేషిస్తున్న నోరు అది. పెదవుల దాకా వచ్చిన పాదాన్ని నతానియేలు పళ్ళ మధ్య నొక్కి పట్టారు. ఆ రోజు పలక మీద 226 పెట్టారు. అప్పటికి అదే అత్యధికం.

ఇక కరుణమ్మ సంగతి.

పెద్దాసుపత్రిలో చివరి వారంలో ఆమె అడిగింది ఒక్కటే. "నాకు మూట పాట పాడు. ఒక్కసారి చాలు. మైకులో మాత్రం వద్దు." ‘మూట దించితి తండ్రీ నీ ముంగిట, మోయలేని మూట దించితి’ అని ఆనందభైరవిలో పాత కీర్తన. భూస్థాపన రోజున ఆయన పాడలేకపోయారు. మన్ను వేస్తుండగా, సంవత్సరం కూటంలో పాడతానని ఆమెకు మనసులో మాట ఇచ్చారు. అప్పటికి ఈ తీరమూ లేదు, ఈ దీపమూ లేదు. మాట ఇవ్వడంలో కష్టమేమీ కనిపించలేదు.

ఫిబ్రవరి రాగానే పాస్టరు గారి గదికి వెళ్ళారు.

"వందనాలు అయ్యగారూ."

"వందనాలు తాతగారూ, కూర్చోండి. మీ హార్మోనియం వింటూ పెరిగినవాణ్ణి నేను. ఏంటి సంగతులు?"

"మార్చి పదకొండున మా ఆవిడ జ్ఞాపకార్థ కూటం. అందులో ‘మూట దించితి’ ఒక్కసారి పాడుకుంటానండి."

పాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. నతానియేలు గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు. రెండు నిమిషాలకు పాస్టరు గారు కళ్ళు తెరిచారు.

"తాతగారూ, నా మట్టుకు నాకు అభ్యంతరం లేదు. కాని మందిరంలోకి ఒక ప్రవాహం వచ్చింది. ప్రవాహానికి అడ్డంగా మనం రాయి వెయ్యకూడదు."

"రాయి కాదండి, పాట. మూడు నిమిషాలు."

"రాయి చిన్నదైనా రాయే కదండీ." మళ్ళీ జాలిపడి, "దరఖాస్తు పెట్టండి. ప్రార్థనాపూర్వకంగా పరిశీలిస్తాం. ప్రార్థనకు రెండు వారాలు పడుతుంది," అన్నారు.

దరఖాస్తు ఆశీర్వాదం గారి దగ్గర సిద్ధంగానే ఉంది. ‘అన్య గీత అనుమతి పత్రం.’ ఇంతవరకు ఒక్కరూ అడగలేదు గాని, అడిగితే ఉండాలి కదా అని ముందే అచ్చు వేయించి పెట్టారట. నతానియేలు ఇంటికి తెచ్చుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, నింపడానికి కూర్చున్నారు. ప్రతిపాదిత గీతమునకు గతములో లేచిన చేతుల సగటు ఎంత? చాలాసేపు ఆలోచించి, ‘ఏడు. ఫ్యానువి కలిపితే తొమ్మిది’ అని రాశారు. గీతములో గెంతు కలదా? లేనిచో కారణము తెలుపుము. ‘రాసినాయనకు మోకాళ్ళ నొప్పులై ఉండవచ్చు’ అని రాశారు. గీతము వలన సంఘ సభ్యులెవరికైనా ఆత్మీయ ఉష్ణోగ్రత తగ్గినచో బాధ్యత ఎవరిది? అక్కడ మాత్రం కలం ఆగలేదు. ‘నాది’ అని రాసి సంతకం పెట్టారు.

వారం తరవాత పరిశీలన కోసం బ్రదర్ రూబేను ఇంటికి వచ్చాడు. మంచి పిల్లవాడు. చెప్పులు బయట విడిచి, లేయమ్మ ఇచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగి, కీర్తన మొత్తం కళ్ళు మూసుకుని విన్నాడు.

"ట్యూన్ చాలా డీప్‌గా ఉందండి తాతగారూ," అన్నాడు. "కాకపోతే ‘మూట’ అనేది యూత్‌కి కనెక్ట్ అవ్వదండి. ‘లగేజ్ దించితి’ అందామా?"

"లగేజ్ దించేది రైల్వేస్టేషన్లో బాబూ."

"అదే కదండీ, జర్నీ ఫీల్ వస్తుంది."

వంటింట్లోంచి గరిటె కింద పడిన చప్పుడు వచ్చింది. లేయమ్మ పడేసిందో, పడిందో తెలియలేదు.

"పోనీ, చరణాలు ఆరున్నాయి కదండీ. రెండోదీ మూడోదీ ఒకేలా ఉన్నాయి. మూడోది తీసేస్తే..."

"మూడోది తియ్యడానికి లేదు." ఎక్స్ఛేంజిలో లైన్‌మెన్ల మీద అరిచిన గొంతు అది. పదిహేనేళ్ళుగా బయటికి రాలేదు. రూబేను గ్లాసు కింద పెట్టేశాడు.

మూడో చరణంలో ‘చెప్పుకోలేనివి చెంగున ముడివేసి తెచ్చితి’ అని ఒక పాదం ఉంది. కరుణమ్మ ఎప్పుడు పాడినా ‘చెంగున’ అన్నచోట ఒక్క మాత్ర ఆగేది. తాళం తప్పేది. ముప్పై ఒక్క సంవత్సరాలు, ప్రతిసారీ అక్కడే. ఇంటికొచ్చాక ఆయన చివాట్లు పెట్టేవారు. "నాకు తాళం ఏం తెలుసయ్యా, ఊపిరి అక్కడ ఆగుద్ది," అనేది. ఇంట్లో చివాట్లు పెట్టిన మనిషే మందిరంలో ఆ చోటు రాగానే తిత్తులు ఆపి ఆమె కోసం ఒక్క మాత్ర ఎదురుచూసేవారు. అలా ఎదురుచూస్తున్నట్టు ఆమెకు ఒక్కనాడూ చెప్పలేదు. చెబితే తప్పును ఒప్పుకున్నట్టవుతుందని.

"మరి మీ పాటలో రిపీట్ లేదేంటండీ? జనానికి ఎక్కేదెట్లా?" అన్నాడు రూబేను, కాస్త తేరుకుని.

"ఎక్కక్కర్లేదు బాబూ. ఒక్కసారి పాడుకుంటే చాలు."

ఒక్కసారి పాడే పాట అంటే రూబేనుకు అర్థం కాలేదు. అయినా మజ్జిగ మంచిదై ఉండాలి. ‘అభ్యంతరము లేదు’ అని రాసి వెళ్ళాడు.

అనుమతి వచ్చింది. ‘కీ.శే. కరుణమ్మ గారి జ్ఞాపకార్థ కూటమునందు సదరు కీర్తనను ఒక్క పర్యాయము మాత్రమే పాడుకొనుటకు అనుమతించడమైనది. ఇది ముందు నిదర్శనముగా పరిగణింపబడదు. కీర్తన ముగిసిన వెంటనే ఆత్మీయ ఉష్ణోగ్రతను యథాస్థితికి తెచ్చుటకై ‘నా తీరపు దీపమా’ ఏడు పర్యాయములు పాడవలెను. మైకు తప్పనిసరి.’ హార్మోనియం మీది మిక్సరును రెండు ప్లాస్టిక్ కుర్చీల మీదికి మార్చుటకు వేరే పత్రం జతపరిచారు.

మైకు సంగతి నతానియేలును బాధించింది. కాని మిగిలిందంతా దక్కింది గనక ఒప్పుకున్నారు. ఆ వారమంతా ఇంట్లో సాధన చేశారు. ఆరు చరణాలూ ఎక్కడా తడబడకుండా వచ్చాయి.

మార్చి పదకొండు శనివారం. పొద్దున పది గంటలకు నూటముప్పై మంది వచ్చారు. నతానియేలు హార్మోనియం ముందు కూర్చుని తిత్తులు తెరిచారు. తొమ్మిది నెలల దుమ్ము ఒక్కసారి దగ్గినట్టు బయటికి వచ్చింది. వేళ్ళు తమ చోట్లు తామే వెతుక్కున్నాయి. ఆనందభైరవి లేచింది. ముందు బెంచీలో లేయమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడు ఆయన తల ఎత్తి చూశారు. చూడకుండా ఉండవలసింది. స్తంభం పక్కన ఆశీర్వాదం గారు నిలబడి ఉన్నారు. చేతిలో ఆ చిన్న యంత్రం. దాని మీద బొటనవేలు. అంకె సున్నా.

ఎన్ని లేస్తాయో అన్న ప్రశ్న ఆయన పిలవకుండానే పుట్టింది. కరుణమ్మ పాటకు కనీసం పది లేవాలి. పదైనా లేవకపోతే నలుగురిలో ఆమె పరువు పోతుంది. పదిహేను లేస్తే బాగుండును. ఇరవై అయితే పలక మీద పెడతారేమో. ఒక్క క్షణం, నిజంగా ఒక్కటే క్షణం, ఆయన కరుణమ్మను మరిచి ఆ బొటనవేలిని తలచుకున్నారు. ఎక్స్ఛేంజిలో ఇలాగే జరిగేది. ఒక లైను ఒక్క క్షణం ఖాళీ అయితే చాలు, పక్క లైను వచ్చి అందులో పడేది. ఎవరో ఎవరికో ఫోను చేస్తే ఇంకెవరో పలికేవారు.

ఆయన నోరు తెరిచారు.

"నా తీరపు దీపమా..."

మూడో మాట దగ్గర గాని ఆయనకు తెలియలేదు. వేళ్ళు ఆనందభైరవిలోనే ఉన్నాయి. తాళం ఆదితాళమే. నోరు ఒక్కటే వేరే ఊరికి వెళ్ళిపోయింది. వెనక్కి లాగబోయారు. రెండో పాదం దానంతటదే వచ్చింది. ఆపేద్దామనుకున్నారు, నలభై ఏళ్ళ క్రమశిక్షణ పాటను మధ్యలో ఆపనివ్వలేదు. పదకొండు ‘ఓ’లనూ ఆనందభైరవి గమకాలతో, ఒక్కటీ తగ్గకుండా, చెమటలు కక్కుతూ పాడారు. తెర అక్కర్లేకుండా ఆ పాటను మొదటి నుంచి చివరి దాకా పాడిన మొదటి మనిషి ఆయనే. మందిరం గొల్లుమంది. పాస్టరు గారు మోకాళ్ళ మీద పడ్డారు. రూబేను మిక్సరు వదిలేసి ఏడ్చాడు. ‘ఎగసెదను’ దగ్గర జనం గెంతబోయి, జ్ఞాపకార్థ కూటం మరణ సందర్భమా కాదా అని ఆశీర్వాదం గారి వైపు చూసి, మడమలు ఆనించే గెంతారు.

రెండు వందల నలభై మూడు. నూటముప్పై మందికి రెండు వందల అరవై చేతులు. లేవని పదిహేడింటిలో పదిహేను పిల్లల్ని ఎత్తుకుని ఉన్నాయని, తక్కిన రెండూ లేయమ్మగారివని నివేదికలో రాశారు.

భోజనాలు కాగానే పెద్దల కూటం అత్యవసరంగా కూర్చుంది.

"పాత తిత్తిలో కొత్త ద్రాక్షారసం పోశారు తాతగారూ!" అన్నారు పాస్టరు గారు, కళ్ళు ఇంకా తడిగా ఉండగానే.

"అట్లా పోస్తే తిత్తి పిగిలిపోతుందని కదండీ బైబిల్లో రాసి ఉంది?"

"పిగిలింది కదా! చూడలేదా మందిరాన్ని?"

నతానియేలు లేచి నిలబడ్డారు. "అయ్యా, నేను పాడాలనుకున్నది అది కాదు. నేను తప్పు పాడాను. మా ఆవిడకు ఇచ్చిన మాట తప్పాను."

ఆశీర్వాదం గారు కలం ఆపి, ఎంతో మెత్తగా, "తప్పు అని రాయడానికి ఇందులో గడి లేదండి. వినయం అని రాసుకున్నాను," అన్నారు.

మూడు తీర్మానాలు చేశారు. ఇక మీదట ‘నా తీరపు దీపమా’ను నతానియేలు గారి బాణీలో పాడవలెను. నతానియేలు గారిని గౌరవ ఆరాధన సలహాదారుగా నియమించడమైనది. మూడోది ఆశీర్వాదం గారు చివర్లో, గొంతు సవరించుకుని చదివారు: ‘మూట దించితి కీర్తన విషయమై: అనుమతించిన ఒక్క పర్యాయము వినియోగింపబడినట్లుగా భావించడమైనది.’

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. లేయమ్మ గుమ్మంలో చేట పెట్టుకుని మునగాకు దూస్తోంది. ఆయన చెప్పులు విడిచి వసారాలో బల్ల మీద కూర్చున్నారు. మెడలో సలహాదారు దండ అలాగే ఉంది.

"ఏం బావా," అంది లేయమ్మ. "అక్క అడిగింది ఒక్క పాట. అదీ మైకులో వద్దంది. నువ్వేమో మైకు పెట్టించి మరీ ఇంకో పాట పాడొచ్చావు."

"నోరు నా మాట వినలేదు లేయా."

"నోరుదేముందిలే. నువ్వు ఆశీర్వాదం చెయ్యి కేసి చూశావు. నేను చూశా."

ఆ క్షణం సంగతి ఎవరికీ తెలియదనుకున్నారు ఆయన. ఒకరికి తెలిసిందని తెలిస్తే సిగ్గు పెరగాలి. ఎందుకో మరి, కొంచెం తగ్గింది. దండ తీసి మేకుకు తగిలించారు.

"మీ అక్క ఉంటే ఏమనేదో?"

"అనేదేముంది, నవ్వేది. పదకొండు ‘ఓ’లు పాడినందుకు పదకొండు రోజులు నవ్వేది. అంట్లు తోముకుంటా ఒక్కత్తే నవ్వేది." చేట దులిపింది. "లే, రాత్రికి బియ్యం కడుగు. ఆకు నేను వేయిస్తా. గంజి పారబొయ్యకు."

ఆయన వంటింట్లోకి వెళ్ళారు. డబ్బాలోంచి రెండు గిద్దెల బియ్యం తీసి గిన్నెలో పోశారు. నీళ్ళు పోసి చేతితో కలియబెట్టారు. తెల్లటి నీళ్ళు వంపారు. మళ్ళీ పోశారు. ఏమీ అనుకోలేదు. ఎవరినీ తలచుకోలేదు. బియ్యంలో మట్టిగడ్డ ఒకటి కనిపిస్తే తీసి కిటికీలోంచి పారేశారు.

అలా రెండో నీళ్ళు వంపుతుండగా ఎవరో పాడుతున్నట్టు వినిపించింది. గొంతు తనదే. ‘మూట దించితి తండ్రీ నీ ముంగిట’. ఆయన ఆపలేదు, తొందరపెట్టలేదు. పట్టుకోబోతే ఎగిరిపోయే పిట్ట గదిలోకి వచ్చినట్టు, కదలకుండా పాడనిచ్చారు. మొదటి చరణం అయింది. రెండోది అయింది. మూడోది వచ్చింది. ‘చెప్పుకోలేనివి చెంగున...’

అక్కడ ఆగారు. ఒక్క మాత్ర. కొంగున ఏదో మూటగట్టి ముడి వేసుకోవడానికి పట్టేంత సేపు. ముప్పై ఒక్క ఏళ్ళు తప్పని చెప్పిన చోట ఆయన ఊపిరి దానంతటదే ఆగి, ఎదురుచూసి, మళ్ళీ సాగింది. ‘...ముడివేసి తెచ్చితి.’

ఆరు చరణాలూ అయ్యాక గాని ఆయన తనను తాను చూసుకోలేదు. ఎడమ చెయ్యి గిన్నెలో ఉంది. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేచి ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు మోచేతి మీదుగా కారుతున్నాయి.

గుమ్మంలోంచి లేయమ్మ చూస్తోంది. ఎప్పటి నుంచి చూస్తోందో.

"ఒకటి," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఫ్యాను కోసమా బావా?" అని అడిగింది.

ఆ వంటింట్లో ఫ్యాను లేదు.